క్యాంపస్ బాగోగులు కొలవడం ఎలా: ప్రశ్నపత్రం నుంచి పాలకమండలి తీర్మానం దాకా

విద్యార్థులు, సిబ్బంది ఎలా ఉన్నారో సర్వే చేయమని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మీ టేబుల్ మీదికి ఫైలు వచ్చిందనుకుందాం. చాలాచోట్ల ఆ సాయంత్రానికే గూగుల్ ఫారం తయారవుతుంది. మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. వారంలో రంగురంగుల చార్టులతో పీపీటీ వస్తుంది. ఆ పీపీటీ చూసి మెస్ టైమింగ్ మారిన దాఖలా గానీ, గెస్ట్ లెక్చరర్ల జీతం పది రోజులు ముందుకు జరిగిన దాఖలా గానీ ఉండదు. మరుసటి ఏడాది అదే ఫారం వస్తే పిల్లలు అన్నింటికీ 'బాగుంది' కొట్టి వదిలేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు.

కింద చెప్పే పద్ధతి సుమారు 4,200 మంది విద్యార్థులు, 300 మంది సిబ్బంది ఉన్న ఒక మోస్తరు యూనివర్సిటీ క్యాంపస్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. అఫిలియేటెడ్ కాలేజీకైతే అంకెలు తగ్గించుకోండి, వరుస మాత్రం మార్చకండి.

1. ముందు నిర్ణయ పత్రం రాయండి

ప్రశ్నలకంటే ముందు ఒక ఏ4 కాగితం తీసుకోండి. వచ్చే 12 నెలల్లో యూనివర్సిటీ చేతిలో నిజంగా ఉన్న నిర్ణయాలు ఏవో రాయండి: మిడ్ పరీక్షల మధ్య ఖాళీ రోజులు, హాస్టల్ స్టడీ అవర్స్, మెస్ వేళలు, బస్సు రూట్లు, కౌన్సెలర్ పోస్టులు, కాంట్రాక్ట్ వాళ్ల వర్క్‌లోడ్, పీహెచ్‌డీ స్కాలర్ల ఫెలోషిప్ ఫైలు కదిలే వేగం. ఒక్కోదానికి ఎదురుగా ఐదు గడులు గీయండి. ఏ అంకె చూస్తే కదులుతాం, ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, డబ్బు ఏ పద్దులోది, ఏ తేదీలోగా.

ఒక వరుస ఇలా ఉంటుంది: 'తాజాగా, అలసట తీరి నిద్ర లేచాను' అనే ప్రశ్నకు (జవాబు 0 నుంచి 5 దాకా) హాస్టల్ వాళ్ల సగటు, డేస్కాలర్ల సగటు కంటే అర పాయింటు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే, 15 రోజుల్లో నీళ్ల మోటారు వేళలు, బాత్రూముల సంఖ్య, స్టడీ అవర్స్ తనిఖీ చేయాలి, బాధ్యత చీఫ్ వార్డెన్‌ది, మరమ్మతులు హాస్టల్ మెయింటెనెన్స్ పద్దులోంచి, తనిఖీ నివేదిక ఫలానా తేదీకి.

ఈ కాగితం మీద వీసీ, రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్ సర్వేకు ముందే సంతకం చేయాలి. ఫలితాలు వచ్చాక చేద్దామంటే 'అబ్బే, అదేమంత పెద్ద తేడా కాదు' అనడం తేలిక. సంతకం దొరకని అంశం మీద ప్రశ్న అడక్కండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం దగ్గర ఆగితే యూనివర్సిటీ తెప్పించలేదు, నిజమే. కానీ ఆ బకాయి చూపించి హాల్ టికెట్ ఆపాలా వద్దా అన్నది మీ చేతిలోనే ఉంది. కాబట్టి 'రీయింబర్స్‌మెంట్ రాక ఇబ్బంది పడుతున్నారా?' అని కాకుండా 'ఈ సెమిస్టర్‌లో ఫీజు బకాయి వల్ల హాల్ టికెట్, మెమో, టీసీ వీటిలో ఏదైనా ఆగిందా?' అని అడగండి.

చట్టం కూడా ఇప్పుడు ఈ వైపే నెడుతోంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 100 మంది గానీ అంతకుమించి గానీ విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలి. ఫైలు మీద 'ఆర్థిక భారం' అని రాసి తిప్పి పంపేవారికి ఇది చూపించవచ్చు.

కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ కోసం జరిపే విద్యార్థుల సంతృప్తి సర్వేతో దీన్ని కలపకండి. అది బోధన ఎలా ఉందో అడుగుతుంది, మంచి మార్కు రావాలన్న తొందర దాని వెనకాల ఉంటుంది. ఆ తొందర ఇందులోకి పాకితే ఇది కూడా పాడవుతుంది.

2. ఎవరిని, ఎంతమందిని

అందరికీ లింకు పంపి 900 మంది నింపారని సంబరపడటం కంటే, 700 మందిని లాటరీలో ఎంచుకుని వాళ్లలో 400 మంది చేత నింపించడం మేలు. అందరికీ పంపిన లింకును బాగా కోపంగా ఉన్నవాళ్లు, బాగా ఖాళీగా ఉన్నవాళ్లు నింపుతారు. మధ్యలో ఉన్నవాళ్లు, మరీ కుంగిపోయి ఫోన్ కూడా చూడనివాళ్లు జారిపోతారు.

4,200 మందిలో ఒక శాతాన్ని 95% నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా చెప్పాలంటే సుమారు 352 జవాబులు కావాలి. సగం మందే స్పందిస్తారని లెక్క వేసుకుని 700 మందిని తీయండి. రోల్ జాబితాను కాలేజీ, సంవత్సరం, హాస్టల్ లేదా డేస్కాలర్ వరుసలో పేర్చండి. 1 నుంచి 6 దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. 4 వస్తే 4, 10, 16, 22... అలా ప్రతి ఆరో పేరు. జాబితా పేర్చి ఉంది కాబట్టి ప్రతి వర్గం తన వాటా మేరకు దానంతటదే వస్తుంది. ఒక్కో హాస్టల్ బ్లాకుకూ విడిగా అంకె కావాలంటే ఈ సంఖ్య చాలదు. బ్లాకుకు 100 జవాబులు వచ్చేలా అక్కడ అదనంగా తీయాలి.

సిబ్బంది 300 మందే కాబట్టి అందరినీ అడగండి. ఇక్కడ తరచూ జరిగే తప్పు, 'సిబ్బంది' అంటే రెగ్యులర్ అధ్యాపకులే అనుకోవడం. నాలుగు గుంపులు చేయండి: రెగ్యులర్ టీచింగ్, కాంట్రాక్ట్ మరియు గెస్ట్ టీచింగ్, నాన్‌టీచింగ్, అవుట్‌సోర్సింగ్. స్వీపర్లు, సెక్యూరిటీ, మెస్ వర్కర్లు చివరి గుంపులో వస్తారు. వాళ్ల దగ్గరకు ఫారం లింకు పంపి లాభం లేదు. పది పదిహేను మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రశ్న గట్టిగా రెండుసార్లు చదివి, ఆరు గడులున్న చీటీ మీద టిక్ పెట్టించి, తాళం వేసిన పెట్టెలో వేయించండి. ఏజెన్సీ సూపర్‌వైజర్ ఆ గది దరిదాపుల్లో ఉండకూడదు. ఆ గంటకు జీతం కోత పడదని ముందే కాగితం మీద రాయించండి.

పీహెచ్‌డీ స్కాలర్లు విద్యార్థులా, సిబ్బందా అన్న మీమాంసలో రెండు జాబితాల్లోనూ లేకుండా పోతారు. వాళ్లను మూడో జాబితాగా పెట్టండి.

3. ఏం అడగాలి

కొత్తగా ప్రశ్నలు కనిపెట్టాలన్న ఉత్సాహం ప్రతి కమిటీలోనూ ఉంటుంది. దాన్ని ఆపడం కన్వీనర్ పని. ఏళ్ల తరబడి పరీక్షించిన కొలతలు ఉచితంగానే దొరుకుతున్నాయి.

మొదటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తెచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ-5. గత రెండు వారాల గురించి ఐదే వాక్యాలు: ఉల్లాసంగా ఉండటం, ప్రశాంతంగా ఉండటం, చురుగ్గా ఉండటం, తాజాగా నిద్ర లేవడం, రోజులో ఆసక్తి కలిగించే పనులు ఉండటం. ప్రతిదానికీ 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు స్కోరు. ఒకరు 3, 2, 2, 1, 3 పెడితే మొత్తం 11, స్కోరు 44. 50 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే మనిషి బాగోలేడని, 28 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే డిప్రెషన్ ఉందేమో వైద్యులు చూడాలని లెక్క. అది రోగ నిర్ధారణ కాదు.

మానసిక బాగోగులు కొలిచేందుకు యూకేలో 2007లో వచ్చిన వార్విక్–ఎడిన్‌బరా స్కేలు కూడా మంచిదే. 14 ప్రశ్నలది ఒకటి, 7 ప్రశ్నలది ఒకటి. దానికి లైసెన్సు తీసుకోవాలి. రెండూ పెట్టకండి, ఒకటి చాలు.

విద్యార్థుల ఫారం 22 ప్రశ్నలు దాటనివ్వకండి. డబ్ల్యూహెచ్‌ఓ-5 ఐదు, ఒంటరితనం మీద యూసీఎల్‌ఏ చిన్న స్కేలు మూడు, 'మొత్తం మీద మీ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు' అని 0–10లో ఒకటి, మీ నిర్ణయ పత్రం నుంచి వచ్చే కారణాల ప్రశ్నలు ఎనిమిది, నేపథ్యం నాలుగు, రాసి చెప్పేది ఒకటి. ఫోన్‌లో ఆరేడు నిమిషాల పని.

ఆ ఎనిమిదే మీ సర్వేకు ప్రాణం. స్కోరు 46 అని తెలిస్తే ఏం చేయాలో తెలియదు. 'గత ఏడు రోజుల్లో ఎన్ని రోజులు పొద్దున టిఫిన్ మానేశారు?', 'బస్సులో రోజుకు రానూ పోనూ ఎన్ని నిమిషాలు?', 'క్లాసులో ఇంగ్లిష్‌లో చెప్పింది అర్థం కాక ఎన్నిసార్లు వదిలేశారు?' లాంటివి అడిగితే తెలుస్తుంది. 'మెస్ భోజనం సంతృప్తికరంగా ఉందా?' అని అడిగితే లేదనే అంటారు, ఏ హాస్టల్లో అడిగినా అంతే. అభిప్రాయం కాకుండా రోజులు, సార్లు, నిమిషాలు అడగండి.

కులం, మతం, ప్రాంతం, భాష, లింగం కారణంగా ఈ సెమిస్టర్‌లో ఎవరైనా చిన్నచూపు చూశారా అన్న ప్రశ్న వదిలేయకండి. కమిటీలో ఎవరో ఒకరు 'ఎందుకొచ్చిన గొడవ' అంటారు. ఆ గొడవ ఉందో లేదో తేలాల్సింది అక్కడే.

సిబ్బంది ఫారంలో డబ్ల్యూహెచ్‌ఓ-5 అలాగే ఉంచి, మనిషి ఎంత అలసి డస్సిపోయాడో కొలిచే కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీలో పనికి సంబంధించిన ఏడు ప్రశ్నలు చేర్చండి. అది ఉచితం. జవాబులకు 0, 25, 50, 75, 100 వేసి సగటు తీస్తారు. ఒక మెలిక ఉంది: ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు ఇచ్చేంత ఓపిక మిగులుతోందా అన్న ప్రశ్న తిరగేసి లెక్కించాలి. దీన్ని మరిచిపోతే హాయిగా ఉన్నవాళ్లు కూడా అలసిపోయినట్టు కనిపిస్తారు. తర్వాత ఆరు ప్రశ్నలు, బ్రిటన్ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ చెప్పే ఆరు అంశాల మీద ఒక్కోటి: పని భారం, పని మీద తమ పట్టు, అందే సాయం, తోటివారితో సంబంధాలు, తన బాధ్యత ఏమిటో స్పష్టత, మార్పులు ముందే చెప్పడం. చివర్లో నేపథ్యం మూడు, రాసి చెప్పేది ఒకటి.

రాసి చెప్పే ప్రశ్న ఒక్కటే ఉండాలి: 'ఈ సెమిస్టర్‌లో యూనివర్సిటీ ఒక్కటే మార్చగలిగితే ఏది మార్చాలి?' 'మీ సలహాలు, సూచనలు' అని పెడితే 'నిల్' అని వస్తుంది.

4. తెలుగులో పెట్టేటప్పుడు

అనుమతి ఉన్న తెలుగు అనువాదం దొరికితే ఒక్క మాట మార్చకుండా వాడండి. మీరే చేయాల్సి వస్తే ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, ఇంగ్లిష్ మూలం చూడని మూడో మనిషి దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పాలి, తేడా వచ్చిన చోట కూర్చుని సరిచేయాలి. తర్వాత ఎనిమిది మంది విద్యార్థుల చేత చదివించి 'దీన్నుంచి నీకేం అర్థమైంది?' అని అడగాలి. ఈ చివరి మెట్టు చాలామంది ఎగ్గొడతారు. అసలు చిక్కులు బయటపడేది అక్కడే.

మచ్చుకు రెండు. జవాబుల్లో పై మెట్టుకు 'ఎప్పుడూ' అని రాస్తారు. తెలుగులో 'ఎప్పుడూ ఉల్లాసంగా ఉన్నాను' అన్నా ఎప్పుడూనే, 'ఎప్పుడూ లేను' అన్నా ఎప్పుడూనే. ఫోన్‌లో గబగబా వేలు జరిపే పిల్లవాడు తడబడతాడు. 'అన్ని వేళలా' అని రాయండి. కింది మెట్టుకు 'అసలు లేదు'. మధ్యలో 'సగం కంటే ఎక్కువ రోజులు', 'సగం కంటే తక్కువ రోజులు' అనేవి పక్కపక్కన వస్తే కంటికి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి 'ఎక్కువ', 'తక్కువ' అన్న మాటల్ని బొద్దుగా అచ్చు వేయండి.

రెండోది ఒంటరితనం. 'మీరు ఒంటరిగా ఉంటున్నారా?' అంటే హాస్టల్ గదిలో ఐదుగురితో ఉండే అమ్మాయి 'లేదు' అని టిక్ పెడుతుంది. ఆమె విన్నది గది సంగతి. 'తోడు లేదనిపించడం', 'నలుగురూ మిమ్మల్ని కలుపుకోవడం లేదనిపించడం', 'అందరికీ దూరమైపోయినట్టు అనిపించడం' అని విడదీసి అడిగితే లోపలి సంగతి వస్తుంది.

'రిలాక్స్‌డ్‌గా' అన్న మాట 'విశ్రాంతంగా' కంటే మొదటి సంవత్సరం పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. వాడేయండి. భాషాభిమానం ఇక్కడ పనికిరాదు. హైదరాబాద్ క్యాంపస్ అయితే ఉర్దూ ప్రతి కూడా ఉండాలి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే తెర మీద పెట్టకండి, మొదట్లోనే భాష ఎంచుకోనివ్వండి.

5. పేరు బయటపడకుండా

పేరు అడగకపోతే సరిపోయిందనుకుంటే పొరపాటు. మెకానికల్ మూడో సంవత్సరంలో 60 మందికి నలుగురే అమ్మాయిలు, వాళ్లలో హాస్టల్లో ఉండేది ఒక్కరే అనుకోండి. బ్రాంచి, సంవత్సరం, లింగం, వసతి అనే నాలుగు గడులు నింపగానే ఆమె పేరు రాసినట్టే. నేపథ్యంలో బ్రాంచి బదులు కాలేజీ లేదా ఫ్యాకల్టీ అడగండి. పదిమంది కంటే తక్కువ ఉన్న గుంపు అంకె ఏ నివేదికలోనూ రాయకండి, పక్క గుంపుతో కలిపేయండి. స్కాలర్ల విషయంలో గైడు పేరు, సబ్జెక్టు రెండూ వద్దు. ఒక గైడు దగ్గర ముగ్గురే ఉన్నప్పుడు సగటు ఎవరిదో ఆయనకు ఇట్టే తెలుస్తుంది.

గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆఫ్ చేయండి. 'ఒక్కరికి ఒకే స్పందన' పెడితే లాగిన్ అడుగుతుంది. మెయిల్ మీకు కనపడకపోయినా విద్యార్థి నమ్మడు. దానికి బదులు ఆరు అక్షరాల కోడ్లు అచ్చు వేయండి. ఏ4కు 40 చొప్పున 700 కోడ్లకు 18 కాగితాలు చాలు. ముక్కలు కత్తిరించి డబ్బాలో వేసి, ఎంపికైన విద్యార్థి చేతే ఒకటి తీయించండి. ఎవరికి ఏ కోడ్ వెళ్లిందో మీకూ తెలియదు. తర్వాత జాబితాలో లేని కోడ్లు, రెండుసార్లు వచ్చినవి తీసేయండి.

ఇంకో సంగతి, దాదాపు ఎవరూ గమనించనిది. ఫారం వెనకాల షీట్‌లో మొదటి నిలువు వరుస టైమ్‌స్టాంప్, సెకన్లతో సహా. 11:10కి ఫలానా ల్యాబ్ బ్యాచ్ చేత నింపించారని హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కు) తెలుసు. ఆ వరుస చాలు, జవాబులు ఎవరివో గుంపు వరకు పట్టుకోవడానికి. ముందు అదే వరుసతో దొంగ జవాబులు ఏరేయండి. పది నిమిషాల్లో 30 వరుసలు ఒకే జవాబులతో వచ్చాయంటే కోడ్లన్నీ పోగేసి సీఆర్ (క్లాసు ప్రతినిధి) ఒక్కడే నింపాడని అర్థం. ఆ తర్వాత తేదీ మాత్రమే ఉంచి గంటలు, నిమిషాలు చెరిపేసి, వరుసల్ని కలగాపులగం చేసి, అసలు షీట్ తొలగించండి. అన్నింటికీ పై గడి కొట్టినవాళ్లను పట్టడం కూడా తేలికే. డబ్ల్యూహెచ్‌ఓ-5లో పై గడి మంచిది, ఒంటరితనంలో పై గడి చెడ్డది. రెండింట్లోనూ పై గడే ఉంటే చదవకుండా కొట్టినట్టు. ఎన్ని తీసేశారో నివేదికలో రాయండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. పదో తరగతి అవగానే చేరే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో మొదటి రెండేళ్ల పిల్లలంతా దాదాపు ఈ వయసువాళ్లే. మామూలు డిగ్రీ మొదటి సంవత్సరంలోనూ కొందరుంటారు. మనిషిని గుర్తుపట్టలేని విధంగా సేకరించడమే ఇక్కడ సురక్షితమైన దారి. ఫలితాలతో పరిశోధన పత్రం రాసే ఆలోచన ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి సర్వేకు ముందే తీసుకోండి, తర్వాత ఇవ్వరు.

6. ప్రాణం మీదికొచ్చే జవాబులు

డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9ను ఇలాంటి పేరులేని సర్వేలో పెట్టకండి. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఒక విద్యార్థి 'దాదాపు ప్రతిరోజూ' అని పెడితే మీరు ఎవరి దగ్గరకు వెళ్తారు? ఆ ప్రశ్న కౌన్సెలర్ గదిలో, ఎదురుగా కూర్చుని, వెంటనే ఏదైనా చేయగలిగినవాళ్లు అడగాల్సింది.

అడక్కపోయినా రాసి చెప్పే గడిలో అలాంటి మాటలు వస్తాయి. అందుకే సర్వే నడిచే రోజుల్లో ఆ గడిని ప్రతి సాయంత్రం కౌన్సెలర్ చదవాలి, నెల తర్వాత విశ్లేషణ చేసేటప్పుడు కాదు. ఎవరో తెలియని జవాబైతే ఐపీ అడ్రస్, చేతిరాత అంటూ వెతకొద్దు. ఒక్కసారి అలా చేస్తే మరి పదేళ్లు మీ సర్వేను ఎవరూ నమ్మరు. ఆ రాత్రే ఆ హాస్టళ్లన్నింటికీ కౌన్సెలర్ వెళ్లి అందుబాటులో ఉండటం, అందరికీ నంబర్లు మళ్లీ పంపడం చేయండి. తనే పేరు, గది నంబరు రాస్తే అది సాయం కోరడం. కౌన్సెలర్ మాత్రమే వెళ్లాలి, వార్డెన్, సెక్యూరిటీ కాదు.

మొదటి తెర మీద, చివరి తెర మీద రెండుచోట్లా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉండాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దాని పక్కన ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ నంబరు. వేసేముందు అన్నింటికీ ఫోన్ చేసి చూడండి. క్యాంపస్ పోస్టర్ల మీద బదిలీ అయిన అధికారుల నంబర్లు ఉండటం కొత్తేమీ కాదు.

7. ఎప్పుడు, ఎవరి చేత

డబ్ల్యూహెచ్‌ఓ-5 గత రెండు వారాల గురించి అడుగుతుంది. దసరాకో సంక్రాంతికో ఇంటికెళ్లి వచ్చిన వారంలో అడిగితే అమ్మ చేతి వంట స్కోరు వస్తుంది. మిడ్ పరీక్షల వారంలో అడిగితే పరీక్షల స్కోరు వస్తుంది. మొదటి మిడ్‌కు రెండు మూడు వారాల ముందు, మామూలుగా సెమిస్టర్ ఐదు, ఆరు వారాల్లో పెట్టండి. ఏటా అదే వారం. మొదటి సెమిస్టర్‌ను మొదటి సెమిస్టర్‌తోనే పోల్చండి.

క్లాసు టీచరు చేత నింపించకండి. ఇంటర్నల్ మార్కులు వేసే చేయి పక్కన ఉంటే జవాబు మారుతుంది. వేరే కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు వచ్చి పది నిమిషాలు తీసుకుని వెళ్లిపోతే చాలు. ఎంపికైనవాళ్లు రాకపోతే మూడో రోజు, ఏడో రోజు గుర్తు చేయండి, మూడోసారి వద్దు. కోడ్‌లో పేరు లేదు కాబట్టి గుర్తుచేయడం కూడా మొత్తం 700 మందికీ వెళ్తుంది. 'నింపినవాళ్లకు ధన్యవాదాలు' అని మొదట్లో రాస్తే విసుక్కోరు. నింపితే అటెండెన్స్ ఇస్తామనడం, నింపకపోతే హాల్ టికెట్ ఆపుతామనడం రెండూ నిషిద్ధం.

8. లెక్క

సగటు ఒక్కటే చెప్పకండి. 50 గానీ తక్కువ గానీ ఉన్నవాళ్లు ఎంత శాతం, 28 గానీ తక్కువ గానీ ఉన్నవాళ్లు ఎంత శాతం అని కూడా చెప్పండి. సగటు కదలకుండానే కింద ఉన్నవాళ్లు పెరగొచ్చు.

వచ్చినవాళ్లు రోల్‌లో ఉన్న నిష్పత్తిలోనే వచ్చారా చూడండి. రోల్‌లో హాస్టల్ 40%, డేస్కాలర్లు 60%. కానీ నింపినవాళ్లలో హాస్టల్ 60%, డేస్కాలర్లు 40% అయ్యారనుకోండి, హాస్టల్ వాళ్లు సాయంత్రం కూడా దొరుకుతారు కాబట్టి. హాస్టల్ సగటు 46, డేస్కాలర్ల సగటు 58 అయితే ఉన్నదున్నట్టు కలిపితే 50.8 వస్తుంది. సరైన వాటాలతో లెక్కిస్తే 46 × 0.4 + 58 × 0.6 = 53.2. రెండున్నర పాయింట్ల వరకు తేడా, కేవలం ఎవరు నింపారన్న దాని వల్ల.

ఇక పోయినేడాదితో పోలిక. స్కోర్లు సాధారణంగా సగటుకు అటూ ఇటూ 20 పాయింట్ల విచలనంతో ఉన్నాయనుకుంటే, ఏటా 350 మంది చొప్పున అడిగినప్పుడు 3 పాయింట్ల లోపు తేడాను తేడాగా చెప్పలేం. 30 మంది ఉన్న చిన్న గుంపు సగటుకే 7 పాయింట్ల అటూ ఇటూ ఉంటుంది. అందుకే డిపార్ట్‌మెంట్లకు ర్యాంకులు వేయడం అన్యాయం, పైగా తప్పు. ర్యాంకు వేస్తారని తెలిస్తే మరుసటి ఏడాది హెచ్‌ఓడీలే మంచి జవాబులు చెప్పించుకుంటారు.

ఈసారి అన్నింటికంటే కింద ఉన్న బ్లాకు మరుసటిసారి మీరు ఏం చేయకపోయినా కొంత పైకి వస్తుంది. మరీ కిందికి పడటంలో కొంత యాదృచ్ఛికమే కాబట్టి. 'మా చర్యల ఫలితం' అని దాన్ని రాసుకోకండి. చేసిన మార్పు పనిచేసిందా తెలియాలంటే రెండు బ్లాకుల్లో ముందు చేసి, రెండింటిలో ఒక సెమిస్టర్ ఆగి చేయండి. ఏ రెండు ముందన్నది చీటీలతో తేల్చండి, వార్డెన్ల పలుకుబడితో కాదు.

9. లేచి వెళ్లి చూడండి

అంకె ఎక్కడ నొప్పో చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఒక బ్లాకులో నిద్ర ప్రశ్న స్కోరు 1.6 వచ్చి, మిగతా నాలుగు ప్రశ్నలూ 2.8 దగ్గర ఉన్నాయనుకోండి. ఫ్యాకల్టీ అడ్వైజర్ 'రాత్రంతా ఫోన్లు' అంటాడు. కావచ్చు. కానీ మిగతా బ్లాకుల్లోనూ ఫోన్లున్నాయి కదా. తెల్లవారుజామున ఐదింటికి ఆ బ్లాకుకు వెళ్లండి. మోటారు ఎప్పుడు వేస్తున్నారు, ట్యాంకు ఎంతసేపట్లో ఖాళీ అవుతోంది, పై అంతస్తు కుళాయిలో నీళ్లు ఎన్నింటికి ఆగుతున్నాయి, బకెట్లు ఎన్నింటి నుంచి వరుసలో ఉన్నాయి, గడియారం చూసి రాసుకోండి. వందమందికి నాలుగు బాత్రూములుండి, నీళ్లు ఆరున్నర దాకే వస్తే, నాలుగున్నరకు అలారం పెట్టుకోక తప్పదు. స్టడీ అవర్స్ రాత్రి పదకొండింటి దాకా ఉంటే మిగిలేది ఐదున్నర గంటల నిద్ర. అక్కడ కావాల్సింది మానసిక వికాస ఉపన్యాసం కాదు, రెండో మోటారు.

ఆఫీసులో ఇప్పటికే ఉన్న లెక్కలు పక్కన పెట్టుకోండి: 65 నుంచి 75 శాతం మధ్య అటెండెన్స్‌తో కాండొనేషన్ ఫీజు (హాజరు తక్కువైనా పరీక్ష రాయనిచ్చేందుకు కట్టేది) కట్టినవాళ్లు ఎంతమంది, మధ్యలో మానేసినవాళ్లు, బ్యాక్‌లాగ్‌లు, సిబ్బంది మెడికల్ లీవులు, జీతం పడిన తేదీలు. ఇవన్నీ మొత్తాలుగానే తీసుకోవాలి, సర్వే జవాబులతో మనిషికి మనిషిని జతచేయకూడదు. కౌన్సెలర్ దగ్గరకు వచ్చినవాళ్ల సంఖ్య పెరిగితే కంగారు పడకండి. కొత్త కౌన్సెలర్ వచ్చిన ఏడాది అది పెరగడం మంచి లక్షణమే.

10. తీర్మానం, జవాబు

పాలకమండలికి 60 పేజీల నివేదిక పంపకండి. రెండు పేజీలు చాలు: సంతకాలున్న నిర్ణయ పత్రం, దాని పక్కన వచ్చిన అంకె, గీత దాటిందా లేదా. దాటిన ప్రతిదానికీ తీర్మానం ముసాయిదా మీరే రాసి పెట్టండి, 'పరిశీలించి తగు చర్య తీసుకోవలెను' అన్న వాక్యం రాకుండా. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా అన్న మూడూ ఉంటేనే అది తీర్మానం.

సర్వే ముగిసిన 30 రోజుల్లోగా మెస్ నోటీసు బోర్డు మీద, స్టాఫ్ రూముల్లో, సెక్యూరిటీ గది గోడ మీద ఒకే పోస్టరు వేయండి. మూడు నిలువు వరుసలు: మీరు చెప్పింది, చేస్తున్నది తేదీతో సహా, చేయలేనిది ఎందుకో. మూడో వరుసను చెరిపేయమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. దాన్ని కాపాడండి. 'ఈ ఏడాది కొత్త హాస్టల్ కట్టలేం, నిధులు లేవు. బదులుగా ఫస్టియర్లను నలుగురి గదుల్లోనే ఉంచుతాం' అని సూటిగా రాస్తే పిల్లలు అర్థం చేసుకుంటారు.

ఈ సర్వే నడిపే కోఆర్డినేటర్ పదవి ఏడాదికో రెండేళ్లకో చేతులు మారుతుంది. అందుకే ఒక ఫోల్డరు అప్పగించి వెళ్లండి: ప్రశ్నల అచ్చమైన మాటలు వాడిన భాషలన్నింట్లో, ఏ వారంలో అడిగారు, ఎంతమందిని తీశారు, ఎంతమంది నింపారు, ఎన్ని తీసేశారు, లెక్క ఎలా కట్టారు, నిర్ణయ పత్రంలో ఏవి జరిగాయి, ఏవి ఆగాయి. విడి జవాబులున్న షీట్‌ను ఏడాది తర్వాత చెరిపేస్తామని ఫారం మొదటి తెర మీదే రాయండి, ఆ తేదీని క్యాలెండర్‌లో వేసి చెరిపేయండి. ఎప్పుడైనా ఒక ప్రశ్న మాటలు మార్చాల్సి వస్తే, ఆ ఏడాది దగ్గర గ్రాఫులో నిలువు గీత గీయండి. ఆ గీతకు అటువైపు అంకెను ఇటువైపు అంకెతో పోల్చకూడదు.